మెతుకూ మతీ

చిన్నవాడు చెప్పిన మాట మరచిపోతే మందలిస్తాము. ముసలివారు మరచిపోతే నిట్టూర్చి ఊరకుంటాము. డెబ్బది ఏండ్లు దాటిన తాతగారు ఫలహారం చేసి గంట గడువక ముందే "నాకింకా ఏమీ పెట్టలేదేమమ్మా?" అని కోడలిని అడుగుతారు. తాళపుచెవి ఎక్కడ పెట్టినదీ అమ్మమ్మగారికి జ్ఞాపకముండదు. మరి కొన్నాళ్లకు మనుమరాలి పేరే తోచదు. "వయసు మీద పడ్డది, ఏం చేస్తాం" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. పొరుగువారొకరు బాదంపప్పు తినిపించమంటారు. ఇంకొకరు సరస్వతి ఆకు లేహ్యానికి మించినది లేదంటారు.

ఇంటివారిది నిరాశ, పొరుగువారిది అత్యాశ. తిండికీ తెలివికీ సంబంధమేమిటని పెదవి విరిచేవారు ఒకవైపు, ఫలానా పప్పు తింటే పోయిన జ్ఞాపకం తిరిగి వస్తుందనేవారు మరొకవైపు. వీరిలో ఎవరి మాట నిజమో తేల్చుకొనుటకు మేము చరిత్రను ఆశ్రయించినాము. 2023లో ప్రకటితమైన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మంది, డిమెన్షియా అనే మతిక్షీణతకు లోనై ఉన్నారు. కనుక ఈ ప్రశ్న ఒక ఇంటిది కాదు, దేశానిది.

మా కథ స్పెయిన్ దేశంలో ఆరంభమవుతున్నది. ఆ దేశపు ఉత్తర భాగంలోని ఆస్టూరియాస్ సీమలో గాస్పర్ కాసల్ అనే వైద్యుడు ఉండేవాడు. 1735లో ఆయన కంటికి ఒక వింత వ్యాధి కనబడినది. రోగులందరూ నిరుపేద రైతులు. ఎండ తగిలిన చోటనెల్లా, ముంజేతులమీదా మెడచుట్టూ, చర్మం ఎర్రబడి, పగిలి, నల్లబారేది. పిదప విరేచనాలు పట్టుకొనేవి. కడపట మనసు చెదిరేది: దిగులు, మరపు, పలవరింత, ఆపైన మరణం. వీరి ఆహారం ముఖ్యంగా మొక్కజొన్న అనీ, మాంసం వీరికి అరుదుగా గాని దొరకదనీ కాసల్ వ్రాసిపెట్టినాడు. ఆయన గ్రంథం ఆయన మరణానంతరం, 1762లో వెలువడినది. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపోలి ఈ వ్యాధికి 'పెల్లాగ్రా' అనే పేరును గ్రంథస్థం చేసినాడు. గరుకు చర్మమని దాని అర్థం.

మొక్కజొన్న అమెరికా ఖండంనుండి ఐరోపాకు వచ్చిన పంట. పండుట సులభం, ధర తక్కువ. ఉత్తర ఇటలీలోని కూలివారు దానిని మన సంకటివలె ఉడికించుకొని మూడు పూటలా అదే తిన్నారు. అక్కడి పిచ్చాసుపత్రులలో పెల్లాగ్రా రోగులు నిండిపోయినారు. కారణమేమిటన్న ప్రశ్నకు పండితులు పలు సమాధానాలు చెప్పినారు. బూజు పట్టిన గింజలలో విషం పుడుతున్నదని కొందరు, అది వంశపారంపర్యమని కొందరు, అంటురోగమని మరికొందరు వాదించినారు. నూరేండ్లకు పైగా ఈ వాదాలు సాగినవి గాని రోగి పళ్లెంలో ఏమి లోపించినదని ఆలోచించినవారు స్వల్పం.

ఇరువదవ శతాబ్దారంభంలో ఈ వ్యాధి అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో విజృంభించినది. ప్రత్తి పొలాలలోని కౌలుదార్లూ, మిల్లు కూలీలూ తినేది మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, చెరకు పాకం. 1906 మొదలుకొని 1940 వరకు సుమారు ముప్పది లక్షల మందికి వ్యాధి సోకినదనీ, వారిలో లక్ష మంది మరణించినారనీ అంచనా. 1914లో అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్యశాఖ ఈ సమస్యను జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యునికి అప్పగించినది. హంగరీ రాజ్యంలో పుట్టి, బాల్యంలోనే తల్లిదండ్రులతో న్యూయార్కు చేరిన యూదు కుటుంబీకుడాయన. అంతకు ముందు అంటువ్యాధులతోనే కుస్తీ పట్టినవాడు.

ఆయన పిచ్చాసుపత్రులూ అనాథ శరణాలయాలూ తిరిగినాడు. ఒక చిన్న విషయం ఆయన మనసును పట్టుకొన్నది. రోగులకు పెల్లాగ్రా వస్తున్నది. వారితో రాత్రింబవళ్లు మెలిగే నర్సులకూ పనివారికీ రావడం లేదు. అంటురోగమే అయితే పనివారిని విడిచిపెట్టుటకు కారణమేమి? అందరికీ ఒకే భోజనం పెడుతున్నామని అధికారులు చెప్పినారు. గోల్డ్‌బెర్గర్ ఆ మాటతో తృప్తిపడక వడ్డన దగ్గర నిలబడి చూచినాడు. పాలు, మాంసం వంటి మంచి పదార్థాలు మొదట పనివారికే దక్కుతున్నవి. రోగికి మిగిలేది మొక్కజొన్న గంజి. రెండు పళ్లేలకు గల ఈ భేదమే వ్యాధికి మూలమని ఆయన ఊహించినాడు.

వెంటనే ఆయన మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో రెండు శరణాలయాల పిల్లలకూ, జార్జియా రాష్ట్రపు పిచ్చాసుపత్రిలోని కొందరు రోగులకూ పాలు, గ్రుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు పెట్టించినాడు. మరేమీ మార్చలేదు. పెల్లాగ్రా ఆ గోడలమధ్యనుండి తొలగిపోయినది. 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని రాంకిన్ జైలు క్షేత్రంలో దీనికి విలోమమైన పరీక్ష జరిపినాడు. శిక్ష రద్దు చేస్తామన్న మాటమీద ముందుకు వచ్చిన ఖైదీలకు పేదవాని తిండి పెట్టినాడు. కొన్ని నెలలలో పదకొండుగురిలో ఆరుగురికి వ్యాధి లక్షణాలు కనబడినవి. ఖైదీకి స్వేచ్ఛను ఎరగా చూపి ఇట్టి పరీక్ష చేయుట న్యాయమా అని నేడు ప్రశ్నించక తప్పదు. నేటి వైద్యధర్మం దానికి ఒప్పుకొనదు. అయినా ఆ పరీక్ష చూపిన సత్యం మాత్రం నిలిచినది.

విమర్శకులు లొంగలేదు. అప్పుడు, 1916లో, గోల్డ్‌బెర్గర్ తన శరీరాన్నే పణం పెట్టినాడు. ఆయనా, ఆయన సహచరులూ రోగుల రక్తం తమకు ఎక్కించుకొన్నారు. రోగుల చర్మపు పొక్కులనూ, చెప్పుటకు జంకవలసిన ఇతర పదార్థాలనూ పిండిలో కలిపి మ్రింగినారు. ఆయన భార్య మేరీ కూడ రోగి రక్తం ఎక్కించుకొన్నది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. అదే కాలంలో దక్షిణ కెరొలైనా రాష్ట్రపు మిల్లు గ్రామాలలో ఆర్థిక శాస్త్రజ్ఞుడు సైడెన్‌స్ట్రికర్‌తో కలిసి ఇంటింటి లెక్క తీసినాడు. సంపాదన తగ్గినకొద్దీ జబ్బు హెచ్చుతున్నదని తేలినది. ఇది తమ ప్రాంతానికి అప్రతిష్ఠ అని అక్కడి పెద్దలు పలువురు కోపించినారు. గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించినాడు. ఆయన వెదకిన పదార్థం నికొటినిక్ ఆమ్లం, అనగా నయాసిన్ అనే విటమిను, అని 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఎల్వెహెమ్ బృందం తేల్చినది. అది కడుపులో పడిన కొద్ది రోజులలోనే, మతి చెడినదని గదిలో బంధించిన రోగులు సైతం బంధువులను గుర్తించి, సరిగా మాటలాడనారంభించినారు.

ఇది వైద్య చరిత్రలో మరువరాని ఘట్టమని మా అభిప్రాయం. పిచ్చి అనీ, కర్మ అనీ, జాతి లోపమనీ ముద్రవేసిన మతిభ్రంశంలో ఒక భాగం కేవలం ఆకలి. పొట్ట నిండినా తీరని ఆకలి. మెదడు బరువు శరీరంలో నూటికి రెండు వంతులే. అది ఖర్చు చేసే శక్తి మాత్రం సుమారు ఇరువది వంతులు. ఆహారాన్ని శక్తిగా మార్చే పనిలో నయాసిన్ అత్యవసరమైన పనిముట్టు. అది లేనినాడు మొదట కుంటుపడే అవయవాలలో మెదడు ఒకటి అగుటలో వింత లేదు. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నది గాని శరీరానికి అందని రీతిలో బంధింపబడి ఉన్నది. మెక్సికో దేశపు ప్రాచీనులు ఆ గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పిదప రుబ్బుకొనేవారు. ఆ వంటవిధానం బంధాన్ని విడదీస్తుంది. ఐరోపావారు గింజలను తెచ్చుకొన్నారు గాని వంటను నేర్చుకొనలేదు.

ఈ కథ మన ముంగిటకూ వచ్చినది. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్నది. అప్పటి తెలంగాణ పల్లెలలో జొన్న గటక, జొన్న రొట్టె తప్ప మరొకటి ఎరుగని వ్యవసాయ కూలీలలో పెల్లాగ్రా కనబడుతూ ఉండేది. చర్మం నల్లబారుటయే గాక దిగులు, మరపు, మతి తప్పుట కూడ ఆ రోగులలో ఉండేవి. పరిశోధకులకు ఇది చిక్కుముడి అయినది. జొన్నలోని నయాసిన్ మొక్కజొన్నలోవలె బంధింపబడి లేదు. మరి వ్యాధి ఎందుకు వస్తున్నది?

కొలత్తూర్ గోపాలన్ గారూ, ఎస్. జి. శ్రీకంఠయ్య గారూ 1960లో లండన్ వైద్యపత్రిక 'లాన్సెట్'లో ఒక సమాధానం ప్రకటించినారు. జొన్న మాంసకృత్తులలో ల్యూసిన్ అనే అంశం అధికంగా ఉన్నదనీ, అది శరీరంలో నయాసిన్ తయారీకీ వినియోగానికీ అడ్డు తగులుతున్నదనీ వారి సిద్ధాంతం. మన శరీరం ట్రిప్టొఫేన్ అనే మరొక అంశంనుండి కొంత నయాసిన్‌ను తానే తయారుచేసుకొంటుంది. 60 పాళ్ల ట్రిప్టొఫేన్‌కు ఒక పాలు చొప్పున. ఆ తయారీలోనే తారుమారు జరుగుతున్నదని వారు తలచినారు. ఇతర దేశాల ప్రయోగశాలలలో ఈ సిద్ధాంతానికి అన్నివేళలా సమర్థన లభించలేదు; దీర్ఘకాలం వాదోపవాదాలు నడిచినవి. అయినా, ఒకే గింజమీద బ్రతుకు వెళ్లబుచ్చుటలోనే ముప్పు ఉన్నదన్న విషయం స్పష్టమైనది. తిండిలో వైవిధ్యం హెచ్చిన కొలదీ మన పల్లెలలో పెల్లాగ్రా అరుదైపోయినది. ఇందులో జొన్నను నిందింపవలసినది లేదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడైన జొన్నరొట్టె చక్కని భోజనమే. దోషం జొన్నది కాదు, జొన్న ప్రక్కన ఏమీ లేకపోవుటది.

పెల్లాగ్రా తొలగిపోయినంత మాత్రాన కథ ముగియలేదు. నేటి వృద్ధులకు సంబంధించినది మరొక విటమిను చరిత్ర. 1855లో లండన్ వైద్యుడు థామస్ ఆడిసన్ మందుకు లొంగక ప్రాణం తీసే ఒక పాండురోగాన్ని వర్ణించినాడు. నెత్తురు పలచబడుటే గాక ఆ రోగులలో కొందరికి కాళ్లు తిమ్మిరెక్కి, నడక తూలి, జ్ఞాపకం చెడేది. 1926లో అమెరికావారైన మైనాట్, మర్ఫీలు రోజూ కాలేయం తినిపించి రోగులను బ్రతికించినారు. ఆ కాలేయంలోని మూలపదార్థం, ఎర్రని స్ఫటిక రూపంలో, 1948లో చేజిక్కినది. అదే బి-12 విటమిను.

ఈ ఘట్టానికి సమీపంలో మన తెలుగువాడొకడు నిలిచి ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలియైనారు. అమెరికాకు వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధకుల బృందానికి నాయకత్వం వహించి, ఆయన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించినారు. ఆ వార్త 1945లో ప్రకటితమైనది. స్ప్రూ రోగులకూ, కొన్నిరకాల పాండురోగులకూ అది సంజీవని అయినది. బి-12 వెలుగు చూచిన ఆ 1948లోనే సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూసినారు.

అప్పుడే వైద్యులకు ఒక హెచ్చరిక కూడ అందినది. బి-12 లోపించిన రోగికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే నెత్తురు ఎరుపెక్కుతుంది, ముఖం తేరుకొంటుంది. నరాల చేటు మాత్రం లోలోపల సాగిపోతూనే ఉంటుంది. రెండు లోపాలూ ఒకటి కావు. ఏది లోపించినదో తెలియక ఏదో ఒకటి వేసి తృప్తిపడరాదన్న పాఠం ఇది. బలానికని అంగడిలో దొరికిన మాత్రలు పెద్దలచే మ్రింగించేవారు దీనిని గుర్తుంచుకొనవలెను.

బి-12 లోపం వృద్ధులకే ఎందుకు హెచ్చు? ఆహారంలోని ఈ విటమినును విడదీసి గ్రహించుటకు కడుపులో పుల్లని రసం కావలెను. వయసు ముదిరినకొద్దీ కొందరిలో ఆ రసం తగ్గిపోతుంది. కడుపు మంటకు ఏండ్ల తరబడి వాడే కొన్ని మందులూ, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడ దీనిని తగ్గించగలవు. అంతేకాక బి-12 మొక్కలనుండి వచ్చేది కాదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసం దీనికి ఆధారాలు. శాకాహారులై, పాలు కూడ చాలీచాలని పెద్దలు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. ఈ లోపంవలన వచ్చిన మతిమరుపును తొలిదశలో పసికట్టితే కుదుర్చుటకు అవకాశముంది. ఏండ్లు గడచిన పిదప నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. "వయసు మీద పడ్డది" అని ఊరకుండుటలోని ప్రమాదం ఇదే.

అయితే పెల్లాగ్రా, పాండురోగాలమీద సాధించిన విజయాలు ఒక అత్యాశకు కూడ బీజం వేసినవి. విటమిను వేస్తే మతి తిరిగి వచ్చినది గనుక, అన్ని మతిమరుపులకూ ఏదో ఒక ఆహారం మందు కాకపోదని లోకం తలచినది. వృద్ధుల మతిక్షీణతలో అధిక భాగం మాత్రం వేరు జాతిది. 1906లో జర్మనీ వైద్యుడు అల్జైమర్ వర్ణించిన వ్యాధిలో మెదడు కణాలే క్రమంగా నశిస్తాయి. దానిని ఇంతవరకు ఏ ఆహారమూ నయం చేయలేదు. బి వర్గపు విటమిన్లు ఇచ్చి జరిపిన పరీక్షలలో పాల్గొన్న సుమారు 22 వేల మంది ఫలితాలను 2014లో కలిపి చూచినారు. జ్ఞాపకశక్తికి మేలు కనబడలేదు. ఆకుకూరలు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె ప్రధానంగా గల ఒక భోజనవిధానాన్ని అమెరికాలో 65 ఏండ్లు దాటిన 604 మందిలో మూడేండ్లు పరీక్షించినారు. 2023లో ఫలితం వెలువడినది. రెండు వర్గాలవారికీ కొంత మేలే జరిగినది గాని, ఆ భోజనం చేసినవారికీ, మామూలు భోజనాన్నే కాస్త తగ్గించి తిన్నవారికీ గణనీయమైన భేదం తేలలేదు.

అట్లని నిరాశపడనక్కరలేదు. ఫిన్లాండు దేశంలో 60 మొదలు 77 ఏండ్ల వయసుగల 1260 మందితో జరిగి, 2015లో ఫలితం ప్రకటితమైన పరీక్షలో, మంచి ఆహారంతోపాటు వ్యాయామం, బుద్ధికి పని, రక్తపోటు వంటివాటి అదుపు నాలుగూ కలిపినారు. రెండేండ్లలో వారి బుద్ధిశక్తి తక్కినవారికంటె మెరుగుగా నిలిచినది. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం, పదునాలుగు కారణాలను తొలగించగలిగితే లోకంలోని డిమెన్షియాలో సుమారు నూటికి 45 వంతులు నివారించుటకో, వాయిదా వేయుటకో వీలున్నదని లెక్కకట్టినది. వాటిలో రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, స్థూలకాయం, మితిమీరిన మద్యపానం ఉన్నవి. ఇవన్నీ నడివయసునుండి మన వంటింటితో ముడిపడినవే. ఆహారం చేసే మేలు మంత్రంవలె ఒక్కనాటిలో కనబడేది కాదు; ముప్పది ఏండ్ల ముందు ఉప్పు తగ్గించిన చేతికి, డెబ్బదవ ఏట కొంత ఫలం దక్కవచ్చును.

ఇంతకూ మన తాతగారి ప్రశ్నకు చరిత్ర చెప్పే సమాధానం ఏమి? లోపమున్నచోట ఆహారం మతిని నిలుపగలదు. లోపం లేనిచోట అదనంగా వేసిన విటమిను జ్ఞాపకాన్ని పెంచదు. కనుక మొదట చేయవలసిన పని లోపమున్నదా లేదా అని చూచుట. పెద్దవారికి మతిమరుపు హెచ్చినప్పుడు, వారు తినే తిండినీ, వాడే మందులనూ వైద్యునికి దాపరికం లేకుండ చెప్పవలెను. బి-12 ఎంత ఉన్నదో రక్తపరీక్షవలన తెలుస్తుంది. అటువంటి పరీక్షలు జరిగిన పిదపనే అది వార్ధక్యమా, వ్యాధియా, ఆకలియా అని నిర్ణయించుట న్యాయం.

గోల్డ్‌బెర్గర్ మహాశయుడు ఆసుపత్రిలో చేసిన పనిని మనం మన ఇంటిలో చేయవచ్చును. వడ్డన దగ్గర ఒక్క వారం రోజులు నిలబడి చూడండి. ఇంటిల్లిపాదికీ పప్పు, కూర, పెరుగు పడుతున్నవి. పండ్లు ఊడిన తాతగారు కూర నమలలేక చారన్నంతో లేస్తున్నారు. అమ్మమ్మగారు అందరూ తిన్న పిదప మిగిలిన దానితో సరిపెట్టుకొని, రాత్రికి ఒంటిపూట అని చెప్పి నీళ్ల మజ్జిగతో పడుకొంటున్నారు. అడిగితే "నాకు చాలమ్మా" అంటారు. అందరికీ ఒకే భోజనం పెడుతున్నామని ఆ అధికారులు చెప్పినారు. మనమూ అట్లే చెప్పుకొంటున్నాము.

కూరను మెత్తగా ఉడికించి, పప్పును చిక్కగా కలిపి, ఒక గిన్నెడు గట్టి పెరుగు, అభ్యంతరం లేనివారికి ఒక గ్రుడ్డు, పెద్దవారి పళ్లెంలో ముందుగా వడ్డించుట ఏ ఇంటికీ మోయలేని భారం కాదు. దానివలన మరపు తగ్గినా, తగ్గకున్నా, ఆ పళ్లెంలో లోటు లేదన్న నిశ్చయం మనకు మిగులుతుంది. ఆ నిశ్చయం లేకుండ పెద్దలకు మతి పోయినదని తీర్మానించే హక్కు మనకు లేదని మేము విన్నవించుకొంటున్నాము.